సువార్త పిన్ని తిరిగొచ్చిన వారం

సువార్త పిన్ని పోయాక పెట్టిన ఆదరణ కూడిక అయిపోయి, చుట్టాలంతా మధ్యాహ్నం బస్సులకి వెళ్ళిపోయాక, పిన్ని కూతురు కృపా నేనూ ఆవిడ సూట్‌కేసు తెరిచాం. చక్రాలున్న సూట్‌కేసులు ఇంకా అమలాపురం బజారుకి రాని రోజుల్లో అది కువైట్ నుంచి మా పేటకి వచ్చింది. ఇప్పుడు ఒక చక్రం లేదు. లోపల కలరా ఉండల వాసన, దాని అడుగున ఎప్పటిదో అత్తరు వాసన. మడత విప్పని చీరలు రెండు, తలనొప్పి మందు సీసాలు మూడు, కృప చిన్నప్పటి ఫోటోలు. అన్నిటికీ కింద, ప్లాస్టిక్ కవర్లో, నాలుగు మడతలు పెట్టిన గీతల కాయితం ఒకటి. విప్పకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. నాకు పన్నెండేళ్ళున్నప్పటి చేతిరాత. అయితే కాయితం అడుగున అంచు పొట్టిగా ఉంది. చింపింది కాదు, కత్తెరతో గీత వెంబడి తిన్నగా కత్తిరించింది. పోయింది ఒక్క వాక్యం. ఆ వాక్యం నిజంగా ఎవరిదో తెలిసినవాళ్ళలో ఇక మిగిలింది నేనొక్కదాన్నే. కృప చీరలు చూసుకుంటోంది. నేను కాయితాన్ని మళ్ళీ కవర్లో పెట్టి, ఒళ్ళో వేసుకుని, పైట కప్పాను. అరవై దగ్గరపడుతున్న మనిషిని, దేవుడు చేసిన మేళ్ళు తలుచుకోకుండా ఒక్క పూట అన్నం తినని మనిషిని, దొంగతనం చేసిన పిల్లలా పైట కప్పుకుని కూర్చున్నాను.

మా పేట పలివెల దాటాక కాలవ గట్టు మీద ఉండేది. నాన్నకి రైల్వేలో ఊళ్ళు తిరిగే పని, నాకేమో ఉబ్బసం. బొగ్గు పొగ పడదని నన్ను తాతగారి దగ్గర వదిలేశారు. బడికీ పంపలేదు. మిషన్ బడిలో పంతులుగా చేసి దిగిపోయిన తాతగారే నాకు బడి. పొద్దున్నే చద్దన్నం తిని, కళ్ళజోడు పంచె చెంగుతో మూడుసార్లు తుడుచుకుని, పెన్సిలు బ్లేడుతో చెక్కి నా చేతికిచ్చేవారు. అక్షరం గీత మీద కూర్చోవాలి గాని వేలాడకూడదు అనేవారు. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక పేటలో ఉత్తరాలన్నీ నేనే రాసేదాన్ని. పెరటి వెనక కొబ్బరి పీచు నానేసిన గోతుల్లోంచి కుళ్ళు వాసన వస్తూ ఉండేది. ఆ ఇంట్లో పుట్టిపెరిగినవాళ్ళకి అది వాసనే కాదు. నాన్నమ్మ ఎసట్లో బియ్యం పొయ్యబోయే ముందు ఒక పిడికెడు తీసి గూట్లో కుండలో వేసేది. అది దేవుడి బియ్యం, ఆదివారం గుడికి పోయేది. ఇంట్లో ఎంత కరువున్నా ఆ పిడికిలి చిన్నదవడం నేను చూడలేదు. దీపం పెట్టాక ప్రార్థన. ప్రార్థన చివర ఒక్కొక్కరూ ఆ రోజు దేవుడు చేసిన మేలు ఒకటి చెప్పి "అందుకు స్తోత్రం" అనాలి. చెప్పలేకపోయినవాళ్ళకి చెప్పేదాకా నాన్నమ్మ అన్నం పెట్టేది కాదు. నాకెప్పుడూ ఆలస్యం కాలేదు. ఊపిరి అందని పిల్లకి ఊపిరి అందిన రోజంతా మేలే. ఆ అలవాటు నన్ను ఇంతకాలం నిలబెట్టింది, అందుకు ఆ ముసలాళ్ళిద్దరికీ రుణపడి ఉన్నాను. అదే అలవాటుతో ఒక మనిషిని ఎలా కొట్టొచ్చో కూడా ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను.

పిన్ని మా చిన్నాన్న భార్య. చిన్నాన్న కామెర్లతో పోయేసరికి ఆవిడకి ఇరవై రెండేళ్ళు, కడుపులో కృప. చదువు లేదు. నవ్వొస్తే అరచేత్తో నోరు కప్పుకునేది. ఆ రోజుల్లోనే మా వైపు ఆడవాళ్ళు కువైట్‌లో ఇళ్ళ పనులకి వెళ్ళడం మొదలయింది. వెళ్ళినవాళ్ళ ఇళ్ళ మీద తాటాకు పోయి పెంకు వచ్చేది. నాన్నమ్మ అన్నం తింటూ తింటూ మా కప్పుకేసి చూడడం మొదలుపెట్టింది.

"పిల్ల ఇంకా పాలు మానలేదు కదండీ అత్తయ్యా" అంది పిన్ని.

"మాన్పిద్దాం" అంది నాన్నమ్మ.

మొదట వేపాకు ముద్ద రాశారు. కృప మొహం చిట్లించి, ఏడ్చి, ఆ చేదుతోనే తాగేసింది. అప్పుడు నాన్నమ్మ కొత్తపేట నుంచి మల్లెపూలు తెప్పించింది. పాలు ఇంకిపోవడానికి రొమ్ములకి మల్లెపూలు కట్టి పైన గుడ్డ బిగించడం పాత పద్ధతి. చిన్నాన్న పోయిన దగ్గర్నుంచి పిన్ని తల్లో పువ్వు లేదు. విధవరాలి కోసం మా ఇంట్లో పూలు కొన్నది ఆ నాలుగు రోజులే. పొద్దున్నే గుడ్డ విప్పితే రాలిన పూలు పెంట మీద పారేసే పని నాది. పులిసిన పాలూ వాడిన మల్లెలూ కలిస్తే ఎలాంటి వాసన వస్తుందో నాకు తెలుసు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎవరైనా మల్లెచెండు చేతికిస్తే పుచ్చుకుని పక్కనున్నవాళ్ళకి ఇచ్చేస్తాను. పిల్లని నా పక్కలో వేశారు. మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు నా మెడ పట్టుకుని నిద్రపోయింది. నాకు ఆటల్లేవు, బడి లేదు, ఈడు పిల్లలెవరూ లేరు. నా కోసం చెయ్యి చాపిన మొదటి ప్రాణి అది. ఆ సాయంత్రం ప్రార్థనలో అందరికంటే ముందు నా మేలు నేను చెప్పేశాను. "కృప నా దగ్గరే పడుకుంది. అందుకు స్తోత్రం." పిన్ని నా ఎదురుగానే కూర్చుని ఉంది.

ఆవిడ వెళ్ళిన రోజు నేను పిల్లని ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను, తల్లిని చూస్తే గోల చేస్తుందని నాన్నమ్మ అలా చెప్పింది. ఏజెంటు మనిషి జొన్నాడ వంతెన మీదుగా రాజమండ్రి తీసుకెళ్ళి, అక్కడ రైలెక్కించి బొంబాయి పట్టుకుపోయాడు. ఇక రెండేళ్ళ దాకా రాదన్నారు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం నేను అరుగు మీద కృపకి గంజి పడుతుంటే పిన్ని వీధిలోంచి నడుచుకుంటూ వచ్చింది. చేతిలో సంచి కూడా లేదు. జాకెట్టు ముందంతా తడి. పాలు ఇంకలేదు. కృప తల తిప్పి చూసింది. చూసి, రెండు చేతులూ చాపింది. నేను దాన్ని ఎత్తుకుని లేచి ఒక అడుగు వెనక్కి వేశాను. నన్ను వెయ్యమని ఎవరూ అనలేదు. నాన్నమ్మ లోపల్నుంచి వచ్చింది తర్వాతే.

"ముట్టుకోకు" అంది నాన్నమ్మ. "ఇప్పుడిప్పుడే మరిచిపోయింది. మళ్ళీ అలవాటు చేసి మళ్ళీ మాన్పించడం పాపం కాదూ. ముందు మంచినీళ్ళు తాగు. ఏమయ్యింది?"

పిన్ని మంచినీళ్ళు తాగి, అరుగు కింద కూర్చుని, ఏమయిందో చెప్పింది. పొద్దున్నే విమానం ఎక్కించారు. నేల విడిచిన కాస్సేపటికే ఎడమ పక్క రైసుమిల్లులో బెల్టు తెగినట్టు చప్పుడయింది. కాలిన వాసన. విమానం కుదిపేసింది. కిందంతా సముద్రం. తర్వాత విమానం ఒక పక్కకి వొరిగి తిరగడం మొదలుపెట్టింది, సముద్రం లేచొచ్చి కిటికీలో నిలబడింది. మైకులో ఎవరో ఏదో చెప్పారు. పిన్నికి వచ్చిన భాష కాదు. పక్కనున్నావిడ ఏడుస్తూ పిన్ని చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఏడుపూ వేరే భాషే. కాస్సేపటికి నేల కనిపించింది, చక్రాలు నేలకి తగిలాయి, అందరూ చప్పట్లు కొట్టారు.

"కువైట్ వచ్చేసిందనుకున్నానండీ అత్తయ్యా" అంది పిన్ని. "స్తోత్రం తండ్రీ, ఇంతేనా దూరం అనుకున్నాను. ఇంత దగ్గరైతే నెల నెలా పిల్లని చూసుకుపోవచ్చు కదా అనుకున్నాను. మెట్లు దిగితే అటూ ఇటూ ఫైరింజన్లు. పొద్దున్న నా కాయితం మీద ముద్ర కొట్టినాయనే అక్కడ నించునున్నాడు."

ఒక ఇంజను పాడయిందని, మర్నాడు వేరే విమానంలో పంపిస్తారని ఎవరో హిందీలో చెబితే పక్కవాళ్ళు సైగలతో చెప్పారట. పిన్ని హాల్లోంచి బయటికొచ్చి రోడ్డు మీద కూర్చుని ఏడుస్తుంటే, అక్కడ గోడలు కడుతున్న మన తెలుగు కూలీలు స్టేషనుకి తీసుకొచ్చి రైలెక్కించారు. మళ్ళీ పంపడానికని తీసేసుకున్న పాస్‌పోర్టూ, సామానూ ఏజెంటు మనిషి దగ్గరే ఉండిపోయాయి.

మర్నాటికి పేటంతా తెలిసింది. మా వైపు ఎగతాళి చేసినా గారూ అండీ తగిలించే చేస్తారు, అందుకని తిరిగి తిట్టడానికి వీలుండదు. కుళాయి దగ్గర, కొట్టు దగ్గర, అందరూ మర్యాదగానే పలకరించారు.

"కువైట్ వెళ్లొచ్చేరంటగా సువార్తగారూ. ఎండలెలా ఉన్నాయండీ అక్కడ?"

"ఆయ్, ఒంటెలు గట్రా కనిపించేయాండీ?"

"ఖర్జూరాలు మాకు తేలేదేంటండీ, మరీ అంత తొందరేం వచ్చిందండీ?"

మొదటి రోజు పిన్ని కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. మూడో రోజుకి బిందె పట్టుకుని కాలవకే పోయేది. ఆ వారమంతా పిల్లని దూరం నుంచే చూసింది. నేను పాలసీసాతో కృపకి పాలు పడుతుంటే గుమ్మం అవతల కూర్చుని చూసేది. ఒకసారి మాత్రం, "సీసా అంత ఎత్తకే ఎస్తేరూ, పొలమారుతుంది" అంది. నేను సీసా ఇంకా కొంచెం ఎత్తాను.

ఏజెంటు దగ్గర్నుంచి టెలిగ్రాం వచ్చింది, వచ్చే వారం ఇంకో విమానంలో పంపిస్తామని. అదే రోజు నాన్నమ్మ కృతజ్ఞత కూడిక పెట్టాలని పాస్టరుగారికి చెప్పింది. విమానం కూలకుండా కాపాడిన దేవుడికి సంఘం అంతా కలిసి స్తోత్రం చెప్పాలి కదా.

"దేవుడు కాపాడేడు. ఎందుకు కాపాడేడు? అరుగు కింద కూర్చోడానికా?" అంది నాన్నమ్మ. గట్టిగా కూడా అనలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంది.

కూడికలో పిన్ని సాక్ష్యం చెప్పాలి. మా సంఘంలో ఒక రివాజు ఉండేది. సాక్ష్యంలో చెప్పిన మాటకి అందరూ ఆమెన్ అంటే ఇక దానికి తిరుగు లేదు. పొలం తగువైనా, పెళ్ళి మాటైనా, ఇంటికెళ్ళాక ఎవరూ కాదనకూడదు. పిన్ని ఆ సంగతే పట్టుకుంది. కూడిక ముందు రోజు నన్ను పీచు గోతుల దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

"నాకు అందరి ముందూ నోరు పెగల్దే. నేను చెప్తాను, నువ్వు రాయి, నువ్వే చదువు" అంది. చప్పుడు దగ్గర్నుంచి ఫైరింజన్ల దాకా అంతా వరసగా చెప్పింది. చివర్న కాస్త ఆగి, మెల్లిగా, అంతకుముందే లోపల చాలాసార్లు అనుకున్నదానిలా చెప్పింది. "విమానం అంటే నాకు భయం లేదు. కాని నా పిల్ల నాకు కావాలి. పీచు కొట్టుకుంటాను, ఎవరింట్లోనైనా అంట్లు తోముకుంటాను. నన్ను పంపొద్దని, నా పిల్లని నా చేతికి ఇప్పించమని సంఘాన్ని అడుగుతున్నాను." అని, "ఇది అడిగితే అత్తయ్య కాదనలేదు. అవునా?" అంది నాతో.

అవునన్నాను. ఇంటికొచ్చి సాపు రాత రాస్తానని చెప్పాను. తాతగారి బల్ల దగ్గర కూర్చుని రాశాను. కృప నా ఒళ్ళో నిద్రపోతోంది, దాని చొంగ నా పరికిణీ మీద కారుతోంది. చప్పుడూ, సముద్రం, ఫైరింజన్లూ అన్నీ పిన్ని చెప్పినవి చెప్పినట్టే రాశాను. చివరి మాటల దగ్గరికొచ్చి ఆగాను. అవి రాయలేదు. వాటి బదులు, నాన్నమ్మ ప్రార్థనల్లో విన్న మాటలు ఏరి ఒక వాక్యం కట్టాను. "నన్ను కాపాడిన దేవుడు మళ్ళీ పంపితే, నా బిడ్డని ఆయన చేతుల్లో పెట్టి సంతోషంగా వెళ్తాను." ఎవరూ చెప్పించలేదు. నాన్నమ్మకి ఆ కాయితం సంగతే తెలియదు. అక్షరాలన్నీ గీత మీద కూర్చున్నాయి.

కూడికలో పిన్ని నా పక్కన తల దించుకుని నిలబడింది. నేను చదువుతుంటే ఆవిడ పెదాలు కూడా కదులుతున్నాయి; తను చెప్పింది తనకి కంఠతా వచ్చేసింది. అందరూ స్తోత్రం స్తోత్రం అంటున్నారు. చివరి వాక్యానికి వచ్చాను. ఆవిడ పెదాలు తన మాటలు మొదలుపెట్టి, నా మాటలు విని, ఆగిపోయాయి. నేను పూర్తి చేశాను. ఆమెన్ అన్నారు అందరూ. ఎగతాళి చేసినవాళ్ళే గట్టిగా అన్నారు. నాన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. పిన్ని అరచేత్తో నోరు కప్పుకుంది, నవ్వొచ్చినప్పుడు కప్పుకున్నట్టే. పాస్టరుగారు ఆవిడ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. తర్వాత బూందీ పొట్లాలూ టీ ఇచ్చారు.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన అయ్యాక పిన్ని వంతు వచ్చింది. నాన్నమ్మ అన్నం గిన్నె మీద మూత తియ్యకుండా కూర్చుంది.

"ఎస్తేరు రాత చాలా బాగుంటుంది" అంది పిన్ని. "అందుకు స్తోత్రం."

నాన్నమ్మ మూత తీసింది. పడుకోబోయే ముందు పిన్ని నా దగ్గరికొచ్చి, "ఆ కాయితం నాకియ్యి, దాచుకుంటాను" అంది. ఇచ్చాను. మూడో రోజున వెళ్ళిపోయింది. ఆ విమానం తిరిగి రాలేదు.

మా ఇంటి మీదకి పెంకు వచ్చింది. నా ఉబ్బసానికి కాకినాడలో పెద్ద డాక్టరు మందులొచ్చాయి; ఈ రోజు నేను ఊపిరి తీస్తున్నానంటే అందులో పిన్ని తోమిన అంట్లున్నాయి. కృప అమ్మ కోసం ఏడ్చినప్పుడల్లా నాన్నమ్మ, "మీ అమ్మ సంఘం ముందు సంతోషంగా వెళ్తానందే, నువ్వెందుకు ఏడుస్తావు" అనేది. నేను అక్కడే ఉండేదాన్ని. ఉత్తరాలు మొదట ఎవరి రాతో. నాలుగో ఏడు నుంచి వంకర అక్షరాలతో పిన్నే రాసేది. అక్కడ ఎవరో తెలుగావిడ నేర్పిందట. ఆ మొదటి వంకర ఉత్తరం అందిన రోజు, ఆ కాయితం కూడా ఇప్పటికి చదివేసి ఉంటుందని నాకు అర్థమయింది. మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు కృప నా వెనక దాక్కుంది. పిన్ని పిలవలేదు, తెచ్చిన బొమ్మ నేల మీద పెట్టి పక్కకి జరిగింది. ఆ కాయితం గురించి నాతో ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆఖరి పదేళ్ళూ అమలాపురంలో కృప ఇంట్లో ఉంది. ఫ్యాను వెయ్యొచ్చా అని అడిగి వేసుకునేది. కృప అన్నీ లోటు లేకుండా చూసింది, హోటలు వాళ్ళు చూసినట్టు. ఇప్పుడు మా పేట నుంచి దుబాయి వెళ్ళిన తల్లులు ఫోన్లో పిల్లలకి కనిపిస్తారు, పిల్లలు అద్దాన్ని ముద్దు పెట్టుకుంటారు. అది చూసి కాలం మంచిదయిందని అంటూ ఉంటాను. కాలం మీద పెట్టడం తేలిక.

కృప భర్త ప్రకాశం ఎయిర్‌ఫోర్సులో ఇంజన్ల పని చేసి వచ్చినవాడు. నిన్న భోజనాల దగ్గర ఎవరో పిన్ని విమానం మాటెత్తితే, నేను అతన్ని అడిగాను, ఇంజను పోయినా ఎలా వెనక్కి వచ్చిందని.

"పెద్దదానికి మిగతా ఇంజన్లుంటాయండీ వదినగారూ. అవి మోస్తుంటే, ఎత్తు సంపాదించుకుని నెమ్మదిగా తిరుగుతుంది" అన్నాడు. "ఒక్క ఇంజనుండే చిన్నవైతే, లేవగానే అది ఆగిపోతే వెనక్కి తిరక్కూడదండి. ఎదురుగా ఏముంటే అందులోనే దింపుకోవాలి. రన్‌వే అల్లక్కడే కనిపిస్తుంటుంది, ప్రాణం లాగేస్తుంది. ఎత్తు చాలకుండా తిరిగేరా, కూలిపోతారండి. చాలామంది అలాగే పోయేరు."

నేను పెరుగన్నం కలుపుకున్నాను. పిన్ని తనని మోసే ఇంజను ఇంకొకటి ఉందనుకుంది. దాని చేతికి పెన్సిలిచ్చింది.

"ఒళ్ళో ఏంటక్కా అది?" అంది కృప, సూట్‌కేసు మీంచి తలెత్తి.

ఇచ్చేశాను. ఇంకొక క్షణం ఆగితే ఇవ్వలేకపోయేదాన్నేమో. అది కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దే టీచరు, వేలు పెట్టి వరస వెంబడి చదివింది.

"నాన్నమ్మ చెప్పే సాక్ష్యం ఇదేనా? నీ రాతే కదా ఇది. కింద కత్తిరించేసి ఉందేంటి?"

"సంతోషంగా వెళ్తానని రాసుంది అక్కడ."

"ఆవిడ చెప్పిందేగా."

"కాదు. నేను రాసేను. ఆవిడ చెప్పింది అది కాదు. పంపొద్దని చెప్పమంది. నిన్ను తన చేతికి ఇప్పించమని అడగమంది. నువ్వు నా ఒళ్ళో పడుకునున్నావు. ఇవ్వాలనిపించలేదు నాకు."

కృప ఏడవలేదు. కాయితాన్ని పాత మడతల్లోనే మడిచి కవర్లో పెట్టింది. చీరలు సూట్‌కేసులో సర్దింది. మూత వేసి, పట్టని తాళాన్ని రెండుసార్లు నొక్కి చూసింది.

"ఆఖరి రోజు దాకా ఆవిణ్ణి మీరు అనే పిలిచేను" అంది, సూట్‌కేసుతోనే చెబుతున్నట్టు. "మంచినీళ్ళు కావాలాండీ, అని."

సాయంత్రం ప్రార్థన ప్రకాశం చేశాడు. కృప ఇంట్లో కూడా మా తాతగారి పద్ధతే, నేనే నేర్పాను. అతను చెప్పాడు, పిల్లలు చెప్పారు. నా వంతు వచ్చింది. అందరూ కళ్ళు మూసుకుని ఎదురుచూశారు. ఊపిరి ఆడుతోంది, అది చెప్పొచ్చు. ఆ ఊపిరి ఎవరిదో తెలిసి నోరు రాలేదు. నేను వెతుక్కుంటూ ఉండగానే కృప లేచి వెళ్ళి కంచాలు పెట్టింది. అందరికీ వడ్డించి నా దగ్గరికి వచ్చింది. మాటలు వచ్చిన దగ్గర్నుంచి నన్ను నువ్వు అని తప్ప పిలవని పిల్ల, గరిటె పట్టుకుని, నా మొహంలోకి చూడకుండా అడిగింది.

"మీకు పెరుగు వెయ్యమంటారాండీ?"